అమెరికాలో పిల్లలందరూ సాకర్ ఆడతారు, మరి పెద్దయ్యాక చూసేది వేరే ఆట ఎందుకు?

కొబ్బరాకు (అంబాజీపేట దగ్గర):

సంక్రాంతికి మా అక్కావాళ్ళు డల్లాస్ నుంచి వచ్చి మొన్ననే వెళ్ళారు. ఉండేది ఫ్రిస్కోలో. మేనల్లుడికి పదకొండేళ్ళు. భోగి నాడు తెల్లారగట్ల అందరం మంట చుట్టూ చేరితే వీడు మాత్రం గులాబీ రంగు జెర్సీ వేసుకుని, వెనక మెస్సీ పేరూ పదో నంబరూ, కళ్ళంలో బంతి తన్నుకుంటున్నాడు. కాసేపటికి మా వీధి కుర్రాళ్ళు నలుగురు చేరారు. ఇంకాసేపటికి బంతి వెళ్ళి పంటకాలువలో పడి గుర్రపుడెక్క మధ్యలో ఇరుక్కుంది. కాయలు కోసే దోటీ తెచ్చి లాగాల్సొచ్చింది. వాడికి బంతి తడిసిందని బెంగ, మా వాళ్ళకి ఆ జెర్సీ ఎంతకి కొన్నారని ఆరా.

సరే, అసలు డౌటు ఇది. మా బావ చెప్పేదేంటంటే వాళ్ళ వీధిలో పిల్లలందరూ ఏదో ఒక వయసులో సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనేది, ఆడినవాళ్ళేనట, శనివారం వస్తే గ్రౌండ్లన్నీ చిన్న చిన్న జెర్సీలతో నిండిపోతాయట. కానీ ఆదివారం మధ్యాహ్నం అవే ఇళ్ళల్లో టీవీ పెడితే కౌబాయ్స్ మ్యాచ్, అంటే వాళ్ళ ఫుట్‌బాల్, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. సాకర్ పెట్టేవాళ్ళు తక్కువట. ఇది విని మా నాన్న ఒకటే నవ్వు. "మన బరి దగ్గర చూసేవాళ్ళెవరూ పుంజుని పెంచరు, అక్కడ పెంచేవాళ్ళెవరూ చూడరన్నమాట" అన్నారు.

2026 జూన్‌లో సాకర్ వరల్డ్ కప్ అక్కడే కదా. మా అక్కావాళ్ళ ఇంటికి గంట లోపే ఉన్న ఆర్లింగ్టన్ స్టేడియంలో తొమ్మిది మ్యాచ్‌లు, ఒక సెమీఫైనల్‌తో సహా. బావ అయితే పదేళ్ళలో బేస్‌బాల్‌ని దాటేస్తుందని బల్ల గుద్ది చెప్తున్నాడు. అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి, నిజంగా అంత సీనుందా?

వన్నామి 60 కౌంట్ (భీమవరం):

పదకొండేళ్ళు న్యూజెర్సీలో చేసి వచ్చి ఇప్పుడు చెరువులు చూసుకుంటున్నాను, కాబట్టి రెండు వైపులా తెలిసినవాడిగా చెప్తాను. మీ నాన్నగారి మాట అదిరింది గానీ సగమే నిజం.

మొదట నిజమైన సగం. ఆట ఆడటం పిల్లలు కోచ్ దగ్గర నేర్చుకుంటారు, చూడటం ఇంట్లో నేర్చుకుంటారు. నా ఆఫీసులో పక్క సీటతను ఫిలడెల్ఫియావాడు, వాళ్ళ తాత ఆ ఊరి ఫుట్‌బాల్ టీం ఈగల్స్ అభిమాని, నాన్న ఈగల్స్, వీడికి పుట్టిన బిడ్డకి ఆస్పత్రిలోనే ఈగల్స్ టోపీ పెట్టి ఫోటో పంపాడు. థాంక్స్ గివింగ్ రోజు టర్కీ కోసి మ్యాచ్ పెట్టుకోవడం వాళ్ళకి పండగలో భాగం, మనకి కనుమ రోజు మినప గారెలూ కోడికూరా ఉన్నట్టు. సాకర్‌కి ఆ వారసత్వం లేదు. నాన్న ఏడేళ్ళ వయసులో రెండు సీజన్లు ఆడి మానేసినవాడు, కొడుకుని మైదానం దగ్గర దించి కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటాడు. ఆఫ్‌సైడ్ రూలు అంటే ఏంటో నేను చెప్పాల్సొచ్చింది ఒకాయనకి, నేను! నాకే ఇంగ్లిష్ లీగ్ చూసి వచ్చింది.

గాలప్ సర్వేవాళ్ళు 2023 చివర్లో చూడటానికి ఏ ఆట ఇష్టం అని అడిగితే వాళ్ళ ఫుట్‌బాల్ అన్నది 41 శాతం. బేస్‌బాల్ 10, బాస్కెట్‌బాల్ 9, సాకర్ 5. అంటే మీ బావగారు దాటాలంటున్న బేస్‌బాల్ కొండేమీ కాదు, ఐదుకీ పదికీ మధ్య దూరం. అసలు కొండ పక్కన ఉంది. డబ్బు లెక్క చూస్తే ఇంకా తెలుస్తుంది. వాళ్ళ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ టీవీ హక్కులు పదకొండేళ్ళకి సుమారు 11,000 కోట్ల డాలర్లు. సాకర్ లీగు ఎంఎల్ఎస్‌కి ఆపిల్ 2022లో ఒప్పుకున్నది పదేళ్ళకి 250 కోట్లు. ఏడాదికి లెక్కేసుకుంటే నలభై రెట్లు తేడా.

దానికో కారణం ప్రకటనలు. వాళ్ళ ఫుట్‌బాల్ మూడు గంటల పైన నడుస్తుంది గానీ ఒక పత్రిక 2010లో గడియారం పెట్టి లెక్కేస్తే బంతి నిజంగా ఆటలో ఉండేది పదకొండు నిమిషాలు. మిగతా అంతా రీప్లేలు, బీరు, ట్రక్కు, ఇన్సూరెన్స్. సాకర్‌లో 45 నిమిషాలు ఆగదు, టీవీవాడు ఏం అమ్ముకోవాలి? ఈసారి వరల్డ్ కప్‌లో ప్రతి హాఫ్ మధ్యలో మూడు నిమిషాలు మంచినీళ్ళ విరామం పెట్టారు. ఎండల కోసమట. పైకప్పు ఉన్న ఏసీ స్టేడియంలో కూడా ఇస్తారట, అర్థం చేసుకోండి.

ఇక తప్పు సగం. "ఎవరూ చూడరు" అన్నది ఎంఎల్ఎస్ ఒక్కదాన్నే చూసి అనే మాట. ఎడిసన్ పక్కన నేను అద్దెకున్న వీధిలో మెక్సికో కుటుంబాలు మెక్సికో లీగ్ చూస్తాయి, స్పానిష్‌లో. పోర్చుగీసువాళ్ళు వాళ్ళ దేశం క్లబ్బు బెన్‌ఫికా. మా ఆఫీసు కుర్రాళ్ళు శనివారం పొద్దున్న ఏడింటికే బార్‌కి పోయి ఇంగ్లండ్ టీములు ఆర్సెనల్, లివర్‌పూల్. చూసేవాళ్ళు ఉన్నారు, ఒక్క గిన్నెలో లేరు. అందరూ ఒక చోట చేరేది వరల్డ్ కప్పుకే. 2022 ఫైనల్ అర్జెంటీనా ఫ్రాన్స్ మ్యాచ్‌ని ఇంగ్లిష్, స్పానిష్ ఛానెళ్ళు కలిపి రెండున్నర కోట్ల మంది చూశారు, అదే ఏడాది బాస్కెట్‌బాల్ ఫైనల్స్ సగటు కోటీ ఇరవై లక్షల చిల్లర. ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్‌తో పోల్చకండి, అది 2025లో 12 కోట్లు దాటింది.

నా వృత్తిలో చెప్పాలంటే అమెరికా సాకర్ మన రొయ్యలాంటిది. సీడ్ వేసేది మనం, మేత వేసేది మనం, రాత్రంతా ఏరియేటర్ల మోత భరించేది మనం, మంచి కౌంట్ వచ్చాక పెట్టెలో పెట్టి పంపేది బయటికి. వాళ్ళ బెస్ట్ ప్లేయర్ పులిసిక్ పెన్సిల్వేనియాలో పెరిగాడు, పదహారేళ్ళకే జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్బు పట్టుకుపోయింది, తర్వాత చెల్సీ, ఇప్పుడు మిలాన్. చెరువుగట్టు మీద ఉన్నవాడికి మిగిలేది చిన్న సైజే.

కాకినాడ కాజా:

ఇంత పురాణం అక్కర్లేదు అన్నా. తొంభై నిమిషాలు చూసి సున్నా సున్నా అంటే ఎవడు చూస్తాడు. బాస్కెట్‌బాల్‌లో అటూ ఇటూ కలిపి రెండొందల పాయింట్లు. అమెరికావాడికి స్కోరు కావాలి.

నన్నడిగితే సాకర్ కంటే క్రికెట్‌కే అక్కడ చాన్సు. 2024లో డల్లాస్ దగ్గరే పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో లేపేశారు, ఆ ఓవర్ వేసిన నేత్రావల్కర్ ఒరాకిల్‌లో ఇంజినీరు. 2028 ఒలింపిక్స్‌లో కూడా ఉంది. మనవాళ్ళు చాలు లాక్కెళ్ళడానికి.

పాలకొల్లు అమ్మాయి (ఇప్పుడు ఫ్రిస్కో):

కాజా తమ్ముడూ, ఆ పాకిస్తాన్ మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నాను. నా చుట్టూ ఉన్నది నువ్వూ నేనూ లాంటి మనవాళ్ళే. నా ఎదురింటి అమెరికా ఆవిడకి ఆ రోజు ఊళ్ళో మ్యాచ్ జరిగిందని కూడా తెలీదు. ఇక సున్నా సున్నా సంగతి, ఐదు రోజులు ఆడి డ్రా అంటే చప్పట్లు కొట్టే జాతి మనది, వదిలెయ్.

కొబ్బరాకు గారూ, మీ అక్క నాకు తెలిసే ఉంటారేమో, ఇక్కడ గ్రౌండ్ల దగ్గర అందరం మొహాలు చూసుకునేవాళ్ళమే. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆడతారు, కాబట్టి చూడటం సంగతి కాదు, ఆడటం సంగతే చెప్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా స్వర్గం. సిటీ లీగు, తక్కువ ఫీజు, ఒక జెర్సీ, ఎవరో ఒక పిల్లాడి నాన్నే కోచ్. పిల్లలందరూ తేనెటీగల్లాగా బంతి చుట్టూనే మూగుతారు, గోల్ కీపరు గడ్డిలో పూలు కోసుకుంటూ ఉంటాడు, హాఫ్ టైంకి ఒకమ్మ బత్తాయి తొనలు ఒలిచి తెస్తుంది. తొమ్మిది, పది వచ్చాక "సెలెక్ట్" అంటారు, అంటే పిల్లల్ని ఎంపిక చేసుకునే క్లబ్బు టీములు, అక్కడి నుంచి మీటరు తిరుగుతుంది. మా అబ్బాయికి క్లబ్బు ఫీజు, యూనిఫాం కిట్, రెఫరీ డబ్బులు, వేరే ఊళ్ళో టోర్నమెంట్ అంటే హోటలు, పెట్రోలు, అన్నీ కలిపి పోయిన ఏడాది నాలుగు వేల డాలర్లు దాటాయి. వారానికి మూడు రోజులు ప్రాక్టీసు, హ్యూస్టన్‌కి నాలుగు గంటల డ్రైవు, అక్కడ వానొచ్చి మ్యాచ్ రద్దు. కారు వెనక సీట్లో ఆ బూట్ల కంపు మీకు తెలియాలి, మా నరసాపురం చేపల మార్కెట్టే నయం.

ఇంతా చేసి, పేరు చెప్పను గానీ, మేమున్న క్లబ్బు సీజనంతటికీ డబ్బు కట్టించుకున్నాక మావాడిని రెండో టీంకి దించింది. మెయిల్ ఒకటి, రెండు లైన్లు, పేరు కూడా తప్పు స్పెల్లింగు. వాడు ఆ రాత్రి ఏమీ అనలేదు, షిన్‌గార్డులు సర్దుకుని పడుకున్నాడు. నేనే ఏడ్చాను.

ఇప్పుడు ఆలోచించండి. బ్రెజిల్‌లో, ఘానాలో డబ్బులేని పిల్లాడికి ఆ ఆట దారి చూపిస్తుంది. ఇక్కడ డబ్బున్నవాడి పిల్లాడికే ఆ ఆట దొరుకుతుంది. బాస్కెట్‌బాల్ అయితే పార్కులో కోర్టు ఉంటుంది, బంతి ఉంటే చాలు. వాళ్ళ ఫుట్‌బాల్ అయితే హైస్కూలే నేర్పిస్తుంది, ఇక్కడ ఫ్రిస్కోలో శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్ అంటే ఊరంతా అక్కడే. సాకర్ క్లబ్బుల చేతిలో ఉంది. మా అపార్ట్‌మెంట్ల వెనక సాల్వడార్ కుర్రాళ్ళు పార్కింగ్‌లో ఆడుతుంటారు, నేను చూస్తూ ఉంటాను, మావాడి టీంలో ఏ ఒక్కడికీ ఆ కాలు లేదు. వాళ్ళని ఏ క్లబ్బూ పిలవదు, ఫీజు కట్టలేరు కాబట్టి. పెద్ద లీగు అకాడమీలు ఉచితమే అంటారు గానీ అందులోకి వెళ్ళేది ఎంతమంది.

ఆడపిల్లల సంగతి పూర్తిగా వేరు, దీని గురించి పై రిప్లైల్లో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, రాయరని తెలుసు. 1972లో టైటిల్ నైన్ అని చట్టం వచ్చింది, ప్రభుత్వ సొమ్ము తీసుకునే స్కూళ్ళూ కాలేజీలూ ఆడపిల్లలకీ సమానంగా ఆటల అవకాశం ఇవ్వాలి. కాలేజీలకి అమ్మాయిల టీములు కావాలి, సాకర్ దానికి సరిపోయింది, స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. మిగతా దేశాల్లో ఆడవాళ్ళని గ్రౌండులోకే రానివ్వని రోజుల్లో ఇక్కడ వేలమంది నేర్చుకున్నారు. 1991లో మొట్టమొదటి మహిళల వరల్డ్ కప్పు వీళ్ళదే. తర్వాత 1999, 2015, 2019. 1999 ఫైనల్‌కి కాలిఫోర్నియాలో రోజ్ బౌల్ స్టేడియంలో 90,185 మంది కూర్చున్నారు. మగవాళ్ళ టీం చరిత్రలో బెస్ట్ 1930లో మూడో స్థానం, ఈ మధ్య కాలంలో అయితే 2002 క్వార్టర్ ఫైనల్. 2018కి ట్రినిడాడ్ చేతిలో ఓడి అసలు క్వాలిఫై కూడా కాలేదు. కాబట్టి అమెరికాకి సాకర్ రాదు అనేవాళ్ళు సగం జనాభాని వదిలేసి మాట్లాడుతున్నారు. మా అమ్మాయి గది గోడ మీద మెస్సీ లేడు, అమెరికా మహిళల టీం ప్లేయర్ ట్రినిటీ రాడ్మన్ ఉంది.

డ్రిల్లు మాస్టారు (అమలాపురం, రిటైర్డ్):

అమ్మా పాలకొల్లు, బాగా రాశావు. ఆ రెండు లైన్ల మెయిల్ సంగతి చదివి మనసు చివుక్కుమంది. మీవాడిని ఆట మాత్రం మానిపించకు.

నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశాను. నా అనుభవంలో ఒక ఆట ఒక చోట వేళ్ళు దిగాలంటే గొప్ప ఆటగాడు రావడం ఒక్కటే చాలదు, ఆయన వెళ్ళిపోయాక కూడా పొద్దున్నే గేటు తీసేవాడు ఒకడుండాలి. మన ఫుట్‌బాల్లో, అంటే ఈ సాకర్‌లోనే, తెలుగు నేల చరిత్ర చాలామంది కుర్రాళ్ళకి తెలీదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం, రహీం సాహెబ్ కోచ్. ఆయన చేతి కింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం లాంటివాళ్ళు ఆ జట్టులో. 1963లో రహీం పోయారు. ఆ స్థాయి మళ్ళీ రాలేదు. అంత సంపద ఉన్న ఊరే మర్చిపోగలిగినప్పుడు అమెరికావాడిని అనేదేముంది.

వాళ్ళకీ ఇలాంటి దెబ్బ ఒకసారి తగిలింది. పీలేని 1975లో అప్పటి సాకర్ లీగులోని న్యూయార్క్ కాస్మోస్ టీం తెచ్చుకుంది. 1977లో ఒక మ్యాచ్‌కి 77 వేల మంది పైచిలుకు వచ్చారు. ఇంకేం, ఆట గెలిచిందనుకుని ఇరవై నాలుగు టీముల దాకా పెంచేశారు, వయసైపోయిన స్టార్లని కొనుక్కొచ్చారు. 1984 సీజన్‌తో ఆ లీగు మూతపడింది. ఇప్పుడు మెస్సీ వచ్చాడు, 2023లో మొదటి మ్యాచ్‌లోనే ఆఖరి నిమిషాల్లో ఫ్రీకిక్ గోల్, 2025 డిసెంబర్లో అతని టీం మయామీకి లీగు కప్పు. నాకు సంతోషమే. కానీ ఆ గులాబీ జెర్సీ వేసుకున్న పిల్లాడు మెస్సీ అభిమానా, మయామీ అభిమానా, డల్లాస్‌లో ఉంటున్నాడు కాబట్టి డల్లాస్ టీం అభిమానా? అసలు ప్రశ్న అది.

మా ఊరి సంగతే చూడండి. సాత్విక్ సాయిరాజ్ అమలాపురం కుర్రాడు. 2023లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక షటిల్ రాకెట్ లేని ఇల్లు కనపడలేదు కొన్నాళ్ళు. ఆ పిల్లల్లో ఇప్పటికీ పొద్దున్న ఐదున్నరకి వస్తున్నవాళ్ళు ఎవరంటే, రోజూ లైట్లు వేసి నెట్టు కట్టే మనిషి ఉన్న చోట వాళ్ళే.

అయితే ఈసారి పునాది వేరుగా ఉందని ఒప్పుకుంటాను. అమెరికాకి 1994 వరల్డ్ కప్ ఇచ్చేటప్పుడే లీగు పెట్టాలని ఫిఫా షరతు పెట్టింది. ఆ కప్పుకి మ్యాచ్‌కి సగటున దాదాపు 69 వేల మంది వచ్చారు, ఆ సగటుని 2022 కప్పు దాకా ఏ దేశమూ దాటలేదు. 1996లో పది టీములతో మొదలెట్టి, ఖర్చు గీత దాటకుండా, సొంత స్టేడియాలు కట్టుకుంటూ ముప్ఫైకి వచ్చారు. మన డెల్టా భాషలో చెప్పాలంటే సాకర్‌ది శివారు భూమి. కాలువ తల దగ్గర ఎన్ఎఫ్ఎల్ ఉంది, తర్వాత బాస్కెట్‌బాల్, బేస్‌బాల్. పైవాళ్ళు తడుపుకున్నాక మిగిలిన నీళ్ళు వీళ్ళకి. అయినా శివారు రైతు పంట తీయడం లేదా? తీస్తాడు. వంతు చూసుకుని, గట్టు కాసుకుని తీస్తాడు.

వన్నామి 60 కౌంట్:

మాస్టారూ, శివారు భూమి పోలిక చాలా బావుంది, కానీ ఆ శివారు రైతే ఇప్పుడు పైవాడి వంతులో నీళ్ళు పెట్టుకోబోతున్నాడు. ఇన్నాళ్ళూ ఎంఎల్ఎస్ ఫిబ్రవరిలో మొదలై వేసవంతా నడిచి డిసెంబర్లో ఫైనల్‌తో ముగిసేది, అందులో ఎక్కువ భాగం ఎన్ఎఫ్ఎల్ ఉండదు, జనం ఖాళీ. 2027 నుంచి యూరప్ పద్ధతిలో జూలై మధ్యలో మొదలుపెట్టి మే దాకా ఆడతారట, చలికాలంలో కొంత విరామంతో. యూరప్‌తో పాటు ప్లేయర్లని కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, అది లాభమే. కానీ ఖాళీగా ఉండే వేసవిలో కొంత వదులుకుని, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఆదివారాలు ఎవరి మీద పోటీకి వెళ్తున్నారు? నాకైతే టెన్షన్‌గానే ఉంది వాళ్ళ తరఫున.

ఇంకో మాట, డబ్బు రాదనుకుంటే టీం కొనేవాడు ఎందుకు కడతాడు? టొరంటో 2007లో చేరడానికి కోటి డాలర్లు కట్టింది. శాన్ డియేగో 2025లో చేరడానికి 50 కోట్లు. చెరువు లీజు అంత పెరిగిందంటే పక్కవాడికి ఏదో కనపడుతోందనేగా. లేదా మనవాళ్ళలాగా రేటు పడిపోయే ముందు ఏడాది గుడ్డిగా చెరువులు తవ్వారో!

కాకినాడ కాజా:

సరే సరే ఒప్పుకున్నా, క్రికెట్ మాట వెనక్కి. సున్నా సున్నా మాత్రం వెనక్కి తీసుకోను.

కొబ్బరాకు:

అందరికీ థాంక్సండి, ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారి ప్రశ్న నిన్న రాత్రి వీడియో కాల్లో మావాణ్ణి అడిగాను. "నువ్వు మయామీ ఫ్యానా, డల్లాస్ ఫ్యానా?" అని. వాడు కాసేపు ఆలోచించి "మెస్సీ రిటైర్ అయ్యేదాకా మయామీ, తర్వాత చూస్తా" అన్నాడు. పక్కన బావ మొహం చూడాలి. మావాడి ఇంటికి పది నిమిషాల్లో ఎఫ్‌సీ డల్లాస్ స్టేడియం ఉందట, ఇప్పటిదాకా వెళ్ళింది ఒక్కసారి, అదీ మయామీ వచ్చినప్పుడు.

అక్క మాత్రం పాలకొల్లు అమ్మాయి గారి పోస్టు మొత్తం చదివింది. "ఆ క్లబ్బు ఏదో నాకు తెలుసు" అని మాత్రం అంది, ఇంకేం చెప్పలేదు. ఫీజు ఎంత కడుతున్నారని నాన్న అడిగితే టాపిక్ మార్చేసింది.

ఆ బంతి ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. కాలువ నీళ్ళకి ఒక పక్క కుట్లు ఊడాయి, మా వీధి కుర్రాళ్ళు చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించుకొచ్చి సాయంత్రం కళ్ళంలో తంతూనే ఉన్నారు. అవుట్ అని ఎందుకు అరుస్తున్నారో మాత్రం అర్థం కాలేదు.

వరల్డ్ కప్ ఫైనల్ మన టైముకి జూలై 19 ఆదివారం రాత్రి పన్నెండున్నరకి అని లెక్కేశాను. సోమవారం పొద్దున్నే తోటలో కొబ్బరికాయల దింపు పెట్టుకుందామనుకున్నా, మంగళవారానికి మార్చమని దింపువాళ్ళకి ఇప్పటినుంచే చెప్పి పెట్టుకోవాలి.